ఎవరి పొలమే అది?

గుడారం భుజాన వేసుకుని మూడు రోజులు ఒక్కదాన్నే నడుస్తాను, అందులో ఒక రాత్రి కొండ మీదే పడుకుంటాను అని చెప్పినప్పుడు ఆసుపత్రిలో తోటివాళ్ళూ, ఇక్కడి తెలుగు స్నేహితులూ, ఆఖరికి మా ఆయనా అడిగింది ఒక్కటే: భయం వెయ్యదా? అమ్మ మాత్రం అది అడగలేదు. బాపట్ల దగ్గర మా ఊరి నుంచి ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "ఎవరి పొలమే అది? వాళ్ళనడిగావా?" అంది.

పొలం ఉన్న ఇంట్లో పుట్టి, పొలం ఉన్న ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి అమ్మ. ముక్కూమొహం తెలియనివాళ్ళు రాత్రిపూట తన గట్టు మీద పడుకున్నారంటే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అందుకే నా జవాబు ఆమెకి మింగుడు పడలేదు. "ఇక్కడి యువరాజు గారి నేలమ్మా. అడగలేదు. అడగక్కర్లేదు కూడా."

ఆ "అడగక్కర్లేదు" అన్న మాట కోసం ఇంగ్లండ్‌లో రెండున్నరేళ్ళు కోర్టుల్లో కొట్లాట జరిగింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తీర్పు వచ్చిన తర్వాతి నెలలోనే, 2025 జూన్‌లో, నేను బయలుదేరాను. అప్పటికి ఆరేళ్ళుగా ప్లిమత్‌లో ఉంటున్నాను, ఆసుపత్రి ఫార్మసీలో పని. మా వంటింటి కిటికీలోంచి ఉత్తరంగా చూస్తే మబ్బు లేని రోజు డార్ట్‌మూర్ కొండలు కనిపిస్తాయి. ఆరేళ్ళూ వాటిని చూస్తూ గిన్నెలు కడిగాను తప్ప ఒక్క రాత్రి అక్కడ గడపలేదు.

డార్ట్‌మూర్ అంటే అడవి కాదు. 954 చదరపు కిలోమీటర్ల ఎత్తైన బీడు. చెట్లు తక్కువ, గడ్డి, నాచూ గడ్డీ చివికి పేరుకున్న నల్లటి పీట్ మట్టి, చిత్తడి, కొండల నెత్తిన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే నల్లరాతి గుట్టలు. 1951లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. మన దగ్గర జాతీయ ఉద్యానం అంటే సర్కారు అడవి, గేటు, టికెట్. ఇక్కడ అలా కాదు, ఉద్యానం లోపలి నేలకి కూడా సొంతదార్లు ఉంటారు. వాళ్ళ నేలలోనే మూడో వంతుకు పైగా "కామన్స్", అంటే యజమాని ఒకరైనా చుట్టుపక్కల రైతులకి గొర్రెల్నీ ఆవుల్నీ పొట్టి గుర్రాల్నీ మేపుకునే హక్కు తరతరాలుగా ఉన్న భూమి. మన ఊళ్ళ పశువుల బీడు గుర్తొస్తుంది కదా. తేడా ఏమిటంటే మన బీడు పోరంబోకు, ఎవరిదీ కాదనుకుని ముందొకరూ వెనకొకరూ ఆక్రమించేశారు. ఇక్కడిది ఫలానా వాళ్ళదని రాసి ఉంది, దాని మీద ఇంకొకరి హక్కు కూడా రాసి ఉంది. రాసి ఉండబట్టే మిగిలింది.

మొదటి రోజు గురించి ఎక్కువ చెప్పను. వెంబరీ అనే సముద్రతీరం ఊరి నుంచి ఐవీబ్రిడ్జ్ దాకా సుమారు 24 కిలోమీటర్లు. అంతా సాగుభూమి. ఇంగ్లండ్‌లో పొలాల మధ్య నుంచి పాతకాలపు కాలిబాటలు ఉంటాయి, వాటి మీద నడిచే హక్కు అందరికీ ఉంది, యజమాని మూసెయ్యడానికి వీల్లేదు. మంచి ఏర్పాటే. కానీ ఆ హక్కు ఆ గీత మీదే. బాటకి ఇవతల గోధుమ చేను, అవతల ముళ్ళ కంచె, ప్రతి గేటు మీదా బాట దాటి రావద్దని పసుపు రంగు బోర్డు. కాళ్ళు నొప్పెట్టి ఒక చెట్టు నీడన కూలబడదామంటే, ఆ చెట్టు బాటకి పది అడుగుల దూరంలో ఉంది. కూర్చోలేదు. సాయంత్రం ఐవీబ్రిడ్జ్‌లో ఒక గది తీసుకుని పడుకున్నాను.

రెండో రోజు పొద్దున ఊరి పైన ఒక గేటు ఉంది. అది తీసుకుని అవతలికి వెళ్ళి మళ్ళీ వేశాను, గొర్రెలు కిందికి దిగకుండా. అంతే, అక్కడి నుంచి బాట అనే గీత అయిపోయింది. ఎటు కావాలంటే అటు నడవొచ్చు. ఇరవై నాలుగు కిలోమీటర్లు గీత మీద నడిచొచ్చినదాన్ని కావడం వల్లేమో, ఒక నిమిషం ఎటు వెళ్ళాలో తోచక అలా నిలబడిపోయాను.

వీపు మీద పదకొండు కిలోలు. గుడారం, పరుపుచుట్ట, దుప్పటి సంచి, చిన్న గ్యాస్ పొయ్యి, వాన కోటు, ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి సర్కారు మ్యాపుల సంస్థ) వాళ్ళ మ్యాపు, దిక్సూచి. తిండికి ఇంట్లోనే రవ్వ వేయించి తాలింపు కలిపి జిప్ కవర్లో పోసుకున్నాను, వేడినీళ్ళు పోసి పది నిమిషాలు మూత పెడితే ఉప్మా అయిపోతుంది. ఒక చిన్న డబ్బాలో గోంగూర పచ్చడి. ఇక్కడి దుకాణాల్లో క్యాంపింగ్ భోజనం అని పొట్లాలు అమ్ముతారు, ఒక్కోటి ఎనిమిది పౌండ్లు. మన పెరుగన్నం, పులిహోర, అటుకులు, సున్నుండలు ఇవన్నీ ప్రయాణం కోసమే పుట్టిన తిళ్ళు. ఆ పొట్లాలు కొనే ముందు మనవాళ్ళు ఒకసారి తమ వంటింట్లోకి చూసుకోవాలని నా మనవి.

కొండ ఎక్కాక దారి చదునుగా సాగుతుంది. ఒకప్పుడు రెడ్‌లేక్ అనే చోట తెల్లటి పింగాణీ మట్టి తవ్వేవాళ్ళు, అక్కడికి మనుషుల్నీ సామాన్నీ చేరవెయ్యడానికి 1911లో చిన్న రైలుదారి వేశారు. 1932లో గని మూతపడింది, పట్టాలు తీసేశారు, కట్ట మిగిలింది. ఇప్పుడు దాని మీద నడిచేవాళ్ళే. ఎడమ పక్క ఎర్మ్ నది లోయ, లోయకి అవతల స్టాల్ మూర్ అనే బీడు. నేను అక్కడ ఆగి ఆ అవతలి ఒడ్డునే చాలాసేపు చూశాను. ఎందుకంటే కొట్లాటంతా మొదలైంది అక్కడే.

ఆ నేల అలెగ్జాండర్ డార్వాల్, ఆయన భార్య సొంతం. దాదాపు 4,000 ఎకరాల ఎస్టేటు. 1985లో డార్ట్‌మూర్ కామన్స్ కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. అందులో ఉన్నదేమిటంటే, ప్రజలకు ఆరుబయట విహారం కోసం కాలినడకన గానీ గుర్రం మీద గానీ ఈ బీళ్ళలోకి వెళ్ళే హక్కు ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఇక్కడి వాళ్ళు దశాబ్దాలుగా గుడారాలు వేసుకుని పడుకుంటున్నారు. డార్వాల్ దంపతుల వాదన వేరు: నడవమన్నారు, గుర్రమెక్కమన్నారు, పడుకోమనలేదు. 2023 జనవరిలో హైకోర్టు వాళ్ళ వైపే తీర్పు చెప్పింది. ఆ తర్వాతి వారమే వేలమంది జనం స్టాల్ మూర్ మీదికి నడిచి వెళ్ళారు. మన పొలిమేర దేవతలాగే ఈ కొండకీ ఓల్డ్ క్రాకర్న్ అనే దేవర ఉన్నాడని ఇక్కడి వాళ్ళ నమ్మకం, ఆయన బొమ్మ కట్టి ఊరేగించారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. వెళ్ళలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. అదే ఏడాది జూలైలో అప్పీల్ కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, 2025 మే 21న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రజల పక్షాన నిలిచింది.

నాకు బాగా నచ్చింది ఆ వాదనలో ఉన్న వ్యాకరణం. "కాలినడకన, గుర్రం మీద" అనే మాటలు దేనికి చెందుతాయి? విహారానికా, వెళ్ళడానికా? వెళ్ళడానికే అంది సుప్రీంకోర్టు. అంటే బీడులోకి వచ్చే పద్ధతి అది, వచ్చాక చేసే పని అది ఒక్కటే కావాలని కాదు. ఆలోచించండి, నడిచి వచ్చినవాడు ఒక రాతి మీద కూర్చుని బొమ్మ గీసుకుంటే తప్పా? మధ్యాహ్నం గడ్డి మీద ఓ కునుకు తీస్తే? ఆ కునుకు రాత్రి తీస్తే? వాన పడుతుందని పైన ఓ గుడ్డ కట్టుకుంటే? ఎక్కడ గీత గీస్తారు? ఈ ప్రశ్న మన తర్కశాస్త్రం పండితులకి ఇచ్చినా ఇదే జవాబు వస్తుందని నాకు అనిపిస్తుంది.

అసలు నడక హక్కు వేరు, రాత్రి హక్కు వేరు అనడమే నాకు అర్థం కాదు. సాయంత్రానికి తిరిగి వచ్చెయ్యాలి అంటే, నువ్వు వెళ్ళగలిగింది ఇంటికో కారుకో కట్టిన తాడు పొడవంత. గుంజకి కట్టిన గేదె చుట్టూ తిరిగినట్టు. ఉదయం ఎంత నడుస్తావో మధ్యాహ్నం అంతా వెనక్కి నడవాలి. ఎత్తు బీడు లోపలి భాగం రోడ్లకి దూరం. రాత్రి పడుకునే వీలు లేకపోతే అది బాగా వేగంగా నడవగలిగినవాళ్ళకే. నాలాంటి వాళ్ళకి, గంటకి మూడు కిలోమీటర్లు నడిచేవాళ్ళకి, అది మ్యాపులో బొమ్మగానే మిగిలిపోతుంది.

రెడ్‌లేక్ దగ్గర తవ్విపోసిన మట్టి ఇప్పటికీ అగ్నిపర్వతంలా సూదిగా నిలబడి ఉంది. అక్కడ కట్టదారి అయిపోయి దుబ్బు గడ్డి మొదలైంది. ఈ దుబ్బుల గురించి చెప్పాలి. మన రెల్లు దుబ్బుల్లా మోకాలెత్తు వస్తాయి, ఒక్కో దుబ్బు బుట్టంత, వాటి మధ్య గుంటలు, గుంటల్లో నీళ్ళు. దుబ్బు మీద కాలు పెడితే పక్కకి ఒరుగుతుంది, గుంటలో పెడితే చీలమండ మడత పడుతుంది. ఒక కిలోమీటరు దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. పొడవాటి ఫ్యాంటు సాక్సుల్లోకి దోపుకున్నాను, పిడుదులు పట్టకుండా. గొర్రెలు, జింకలు తిరిగేచోట అవి ఉంటాయి, జబ్బు తెస్తాయి, సాయంత్రం కాళ్ళన్నీ చూసుకోవడం మర్చిపోకూడదు.

గ్రీన్ హిల్ అనే గుట్ట మీద ఒక రాళ్ళ వరస ఆగుతుంది. కంచుయుగం నాటిది, స్టాల్ మూర్ దగ్గర రాళ్ళ వలయం నుంచి బయలుదేరి, నది దాటి, మూడు కిలోమీటర్లకు పైగా సాగి ఇక్కడికి వచ్చి ఆగుతుంది. పెద్ద రాళ్ళు కావు. మోకాలి దాకా వచ్చేవి కొన్ని, గడ్డిలో మునిగిపోయినవి కొన్ని. ఎందుకు పాతారో ఎవరికీ తెలియదు. పాతినవాళ్ళు మాత్రం ఈ బీడు మీద కచ్చితంగా రాత్రిళ్ళు పడుకునే ఉంటారు, ఒక్కరోజు పని కాదు కదా అది. ఇలాంటి పురాతన చోట్ల గుడారం వెయ్యకూడదు. రోడ్డుకి వంద మీటర్ల లోపల వెయ్యకూడదు, రోడ్డుకీ ఇళ్ళకీ కనపడకూడదు, ఒకేచోట రెండు రాత్రులకి మించకూడదు, నిప్పు రాజెయ్యకూడదు, వచ్చిన గుర్తు మిగలకూడదు. వరసకి బాగా దూరంగా వాలు మీద గొర్రెలు కొరికి నున్నగా చేసిన చాపంత జాగా దొరికింది. ఇది డచీ ఆఫ్ కార్న్‌వాల్ అనే రాచ ఎస్టేటు నేల, డార్ట్‌మూర్‌లో అతి పెద్ద భూస్వామి అదే, దాని రాబడి సింహాసనం వారసుడిది. అమ్మకి చెప్పిన యువరాజు ఆయనే.

మేకు దింపితే పీట్ మట్టిలోకి వేలితో నొక్కినా దిగిపోయింది. తడిసి చివికిన ఎరువు కుప్పలా ఉంటుంది ఆ మట్టి. అంత సులువుగా దిగినది అంత సులువుగా ఊడి వచ్చేస్తుంది కూడా, రెండుసార్లు ఊడింది. చివరికి మేకుని ఏటవాలుగా, తాడుకి ఎదురుగా వంచి దింపితే పట్టింది. గుడారం గుమ్మం ముందు దూది గడ్డి. ఒక్కో కాడ చివర ఒక్క దూదిపింజ, చూడడానికి అచ్చం పగిలిన పత్తికాయే, వేళ్ళ మధ్య నలిపితే మాత్రం పత్తి కన్నా మెత్తగా, గింజ లేకుండా. గాలికి అన్నీ ఒకేసారి తల వంచి ఒకేసారి లేచేవి. ఉప్మా తింటూ దాన్నే చూశాను. వాగు నీళ్ళు మరగబెట్టుకున్నాను, పైన గొర్రెలున్న చోట నీళ్ళు ఎంత తేటగా ఉన్నా పచ్చివి తాగకూడదు.

తొమ్మిదిన్నరకి సూర్యుడు దిగాడు. ఆ తర్వాత కూడా భరతపక్షి ఒకటి పైకి పోయి పాడుతూనే ఉంది. జూన్‌లో ఇక్కడ ఉత్తరం వైపు వెలుగు పూర్తిగా పోదు, రాత్రంతా ఆకాశం అంచున ఓ లేత గీత ఉంటుంది. పదకొండున్నరకి సప్తర్షులు తేటగా కనిపించారు. గుడారంలోంచి తల బయటపెట్టి పడుకుని చూస్తుంటే గుర్తొచ్చింది, ఇలా పడుకోవడం నాకు కొత్త కాదు అని. పదేళ్ళు వచ్చేవరకూ ప్రతి వేసవీ వాకిట్లో నవారు మంచం మీదే పడుకున్నాను. తాతయ్య చుక్కల పేర్లు చెప్పింది అక్కడే. డాబా వేసి, పైన ఏసీ పెట్టాక ఆ మంచాలు అటకెక్కాయి. ఇప్పుడు అదే పనికి వేలు పోసి గుడారం కొని, దానికో ఇంగ్లీషు పేరు పెట్టి, మనది కాని సరదా అనుకుంటున్నాం.

వరికోతలయ్యాక మెట్ట ప్రాంతం నుంచి గొర్రెల వాళ్ళు మందలు తోలుకుని వచ్చేవాళ్ళు. తాతయ్య వాళ్ళని పిలిచి పొలంలో మంద కట్టించుకునేవాడు. గొర్రెలు రాత్రంతా పొలంలో పడుకుంటే ఎరువు. అందుకు వాళ్ళకి ధాన్యం ఇచ్చేవాడు. వాళ్ళు గొంగళి కప్పుకుని మంద పక్కనే, కుక్కల్ని చుట్టూ పెట్టుకుని పడుకునేవాళ్ళు. ఆ రాత్రి ఈ పొలం, మర్నాడు పక్క పొలం. ఆరుబయట నిద్ర అంటే అందరికీ తెలిసిన మామూలు సంగతి.

కాబట్టి అమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది. గొర్రెల వాళ్ళని పిలిచారు, వాళ్ళు అడిగారు, మాట్లాడుకున్నారు. అడగడం మర్యాద కదా, దానికి కోర్టులెందుకు అంటుంది అమ్మ. నేను చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. మా తాతయ్య గొప్పగా చెప్పుకునే మాట ఒకటుంది: "మన అరుగు మీద దారిన పోయే ఎవరైనా పడుకోవచ్చు, ఒక్కరోజూ కాదనలేదు." నిజమే, చాలామంది పడుకున్నారు, మామ్మ వాళ్ళకి మజ్జిగ కూడా ఇచ్చేది. ఆ "ఎవరైనా"లో ఊరి చివర పల్లెలో ఉండే వాళ్ళు లేరు. మా పొలంలో రోజంతా నాట్లు వేసిన వాళ్ళు మా అరుగు ఎక్కేవాళ్ళు కాదు. అడిగేవాళ్ళూ కాదు, ఏం జవాబు వస్తుందో తెలుసు కాబట్టి. ఇది నాకు పెద్దయ్యాక తెలిసింది. తాతయ్యంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అయినా ఆ అరుగు ఆయన దయ. అది ఎవరి హక్కూ కాదు.

అనుమతి ఇచ్చేవాడు ఎదుటివాడి మొహం చూస్తాడు. పేరు, ఊరు, రంగు, మాట తీరు చూస్తాడు. నేను ఈ దేశంలో ఆరేళ్ళుగా అనుమతుల మీద బతుకుతున్నదాన్ని. వీసా అనుమతి, పని అనుమతి, ఇల్లు అద్దెకి ఇచ్చేముందు కాగితాల తనిఖీ. ఎస్టేట్ ఆఫీసుకి ఫోన్ చేసి నా యాసతో, నా పేరు చెప్పి, ఒక రాత్రి మీ బీడులో పడుకోవచ్చా అని అడగాల్సి వస్తే, నాకు నేనుగా చెప్తున్నాను, నేను అడగను. మానేస్తాను. నాలాంటి వాళ్ళు ఎంతమంది మానేస్తారో ఏ లెక్కలోకీ రాదు. ఆ 1985 చట్టంలో ఉన్న మాట "ప్రజలు". పౌరులు అనలేదు, స్థానికులు అనలేదు. ఆ కొండ మీద ఆ రాత్రి నన్ను ఎవరూ ఏ కాగితమూ అడగని నేల నా వీపు కింద ఉంది. ఈ దేశానికి వచ్చాక నాకు అలాంటి నిద్ర పట్టడం అదే మొదటిసారి.

ఇంగ్లండ్‌లో ఈ హక్కు డార్ట్‌మూర్‌కే పరిమితం. 2000 సంవత్సరపు చట్టం ప్రకారం దేశంలో సుమారు 8 శాతం నేల మీద స్వేచ్ఛగా తిరగొచ్చు, గుడారం వేసుకుని రాత్రి గడపడానికి వీల్లేదు. పక్కనే స్కాట్లండ్‌లో 2003 చట్టం బాధ్యతగా ఉంటే గుడారం వేసుకోవడాన్ని చాలా మటుకు నేలంతటా ఒప్పుకుంది. అక్కడ కొంప మునిగిపోలేదు. కాబట్టి మిగతా ఇంగ్లండ్ బీళ్ళకి కూడా ఇది రావాలన్నది నా అభిప్రాయం.

దీనికి అడ్డు చెప్పే వాళ్ళ మాటల్లో నిజం లేదని నేను అనను. 2020 వేసవిలో లాక్‌డౌన్ సడలించాక ఇక్కడ కార్లలో గుంపులుగా వచ్చి, మంటలేసి, సీసాలు పగలగొట్టి, గుడారాలు అక్కడే వదిలేసి పోయినవాళ్ళున్నారు. గాజుపెంకు గుచ్చుకున్న గొర్రెకి హక్కులూ తీర్పులూ తెలియవు. పీట్ మట్టికి నిప్పంటుకుంటే పైన ఆరినట్టు కనిపించి లోపల రోజుల తరబడి కాలుతుంది, వేల ఏళ్ళు పట్టి ఏర్పడిన మట్టి అది. వసంతం నుంచి జూలై దాకా నేల మీద గూడు కట్టే పిట్టలుంటాయి. ఇవన్నీ సరే. కానీ ఆ చెత్త పోసిన వాళ్ళెవరూ పదకొండు కిలోలు మోస్తూ దుబ్బుల్లో పడి నడిచినవాళ్ళు కాదు, రోడ్డు పక్కనే కారు దిగినవాళ్ళు. వాళ్ళు చేసింది ఇదివరకే నేరం. దానికి జరిమానా వెయ్యండి, కాపలా పెట్టండి, నేను సంతోషిస్తాను. దొంగ బస్సెక్కాడని బస్సు ఆపేస్తామా?

తెల్లవారి అయిదుకి లేస్తే గుడారం చుట్టూ తెల్లదనం తప్ప ఏమీ లేదు. పొగమంచు. దూది గడ్డి కూడా కనిపించనంత. ఇక్కడే నా వల్ల తప్పు జరిగింది. గంట ఆగితే విడిపోయేదే, ఆగలేదు. దిక్సూచి పట్టుకుని ఎర్మ్ నది మొదలు వైపు నడిచి, పాత తగరం గనుల గోతుల దగ్గర పచ్చగా మెరిసే నాచు మీద కాలు పెట్టాను. అంత పచ్చగా ఉందంటేనే కింద నేల లేదని తెలిసుండాలి. ఎడమ కాలు తొడ దాకా దిగిపోయింది. చల్లదనం ముందు తెలిసింది, భయం తర్వాత తెలిసింది. వెనక్కి వాలి, బ్యాగు మీద బరువు వేసి, ఒక్కో అంగుళం లాక్కున్నాను. బూటు రావడానికి పది నిమిషాలు పట్టింది. అవతలి గట్టున కూర్చుని సాక్సు పిండుకుంటూ ఏడ్చాను కూడా. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇది చెప్పి తీరాలి: మీ దారి ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి, ఫలానా వేళకి ఫోన్ రాకపోతే ఏం చెయ్యాలో కూడా రాయండి. ఆ లోయలో నా ఫోన్‌కి సిగ్నల్ లేదు. మా ఆయన దగ్గర కాగితం ఉంది.

మంచు విడిపోయేసరికి నన్స్ క్రాస్ దగ్గరికి వచ్చాను. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ నాటిదో అంతకన్నా పాతదో అయిన రాతి సిలువ. 1240లో రాజు మనుషులు ఈ బీడు ఎల్లలు నడిచి గుర్తించినప్పుడే దీని పేరు రాసుకున్నారు. ఎప్పుడో విరిగితే ఇనుప పట్టీలతో అతికించారు, ఆ పట్టీలు తుప్పు పట్టి రాతి మీద ఎర్రటి చార దిగింది. అక్కడ ఒక పెద్దాయన కుక్కతో ఎదురయ్యాడు. నా బురద కాలు చూసి, దారి తప్పావా అని అడిగాడు. కొన్నేళ్ళ కిందటైతే ఆ ప్రశ్నకి నా మొహం ముడుచుకుపోయేది. లేదు, గ్రీన్ హిల్ మీద పడుకుని వస్తున్నాను అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, రాత్రి గాలి ఎటు నుంచి వచ్చింది, గొర్రెలు ఎక్కడున్నాయి అని అడగడం మొదలుపెట్టాడు. ఆయనకి అక్కడ మేపుకునే హక్కు ఉందట. ఒక గొర్రె కుంటుతూ కనపడిందని, ఏ గుర్తు వేసుందో కూడా చెప్పాను. అది తనది కాదు గానీ ఎవరిదో తెలుసన్నాడు, చెప్తానన్నాడు.

ప్రిన్స్‌టౌన్‌లో టీ తాగి, టూ బ్రిడ్జెస్ మీదుగా మధ్యాహ్నానికి పోస్ట్‌బ్రిడ్జ్ చేరాను. మొత్తం అరవై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పాతకాలపు రాతి పలకల వంతెన దగ్గర మా ఆయన కారుతో నిలబడి ఉన్నాడు.

ఆ మూడు రోజుల్లో నాకు కనపడిన మనవాళ్ళు సున్నా. ఇక్కడ ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఇంతమందిమి ఉన్నాం, వారాంతం వస్తే ఒకరింట్లో బిర్యానీ, ఇంకొకరింట్లో పుట్టినరోజు, లేదంటే కారులో వెళ్ళి కారులో తిరిగి వచ్చే చోట్లు. వాటిని తప్పు పట్టను, నాకూ అవి కావాలి. కానీ ఇక్కడి నేల మీద మనకి హక్కు లేదని ఎవరూ చెప్పకుండానే మనం నమ్మేశాం. మా అరుగు కింద నిలబడి అడగకుండా వెళ్ళిపోయినవాళ్ళ లాగా. ఒకసారి చట్టం చదవండి. చలికాలం వద్దు, జూన్‌లో వెళ్ళండి. మొదటిసారి ఇద్దరు వెళ్ళండి.

ఇంటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను. ఊబి సంగతి చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. తిన్నావా అంది, తిన్నానన్నాను. పచ్చడి సరిపోయిందా అంది, సరిపోయిందన్నాను. కాసేపు ఆగి, "నువ్వు పడుకున్నచోట గడ్డి నలిగిందా?" అంది. గుడారం తీసినప్పుడు మనిషి పొడవున పచ్చగా అణిగి ఉంది. సంచి సర్దుకుని, చుట్టూ ఒక దారం ముక్క కూడా లేకుండా వెతికి, మళ్ళీ చూసేసరికి సగం లేచింది. అదే చెప్పాను. "మంచు పడితే మిగతాదీ లేస్తుందిలే," అంది.